అత్త బండి మీద తెల్ల మచ్చలు

మా చర్చి బండి వెనక తలుపు మీద, దుమ్ములో వేలితో "తొందరేం లేదు" అని రాసింది నేనే. చర్చి బండి అంటే పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్ళే బండి కాదు, చనిపోయినవాళ్ళను సమాధుల తోటకు చేర్చే బండి. అందుకే ఆ రాత అంత పేరు తెచ్చుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక జనం దాని చుట్టూ మూగి, నోటికి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే నేనూ వాళ్ళ మధ్యలో నిలబడి, ఎవరబ్బా ఇంత భయభక్తులు లేని పని చేసింది అని తల అడ్డంగా ఊపాను. ఆ తల ఊపడం బాగా కుదిరిందని ఇప్పటికీ నా నమ్మకం.

నన్ను పట్టించింది మా మేనత్త. కమిటీవాళ్ళు కూర్చుని ఈ ఘోరాన్ని గురించి గంభీరంగా మాట్లాడుకుంటుంటే, స్త్రీల సమాజం తరఫున వెళ్ళిన ఆమె చెయ్యెత్తి, ఆ చేతిరాత తనకు తెలుసంది. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆమే. నేను ఏది రాసినా చివరికి వచ్చేసరికి వరుస పైకెక్కుతుందట, నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంకా దిగలేదట. శిక్ష కూడా ఆమే చెప్పింది. "ఏలు పెట్టినోడే గుడ్డ పట్టాలె" అంది. అంటే ప్రతి శనివారం నేను బండి తోమాలి, అద్దంలా మెరిసేదాకా. కమిటీ చప్పట్లు ఒక్కటే తక్కువ, మిగతా అంతా సంతోషంగానే ఒప్పుకుంది.

అసలు ఆ బండి అద్దంలాగే మొదలైంది. ఇలాంటి బండ్లకు మామూలుగా తెల్ల రంగు వేస్తారు. మా స్త్రీల సమాజం కష్టపడి బండి సంపాదించినప్పుడు రంగు వద్దు, పైనంతా స్టెయిన్‌లెస్ స్టీలు రేకు తొడిగించాలని పట్టుబట్టింది మా అత్త. ఆమె రిటైరయ్యేదాకా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో సిస్టరు. మనుషుల మీద ఆమెకు పెద్దగా నమ్మకం ఉండేది కాదు కానీ స్టీలు మీద ఉండేది. రంగు వెలుస్తుంది, ఇనుము తుప్పు పడుతుంది, డాక్టర్లు మాట మారుస్తారు, స్టీలు మాత్రం మనం ఎట్లా చూసుకుంటే అట్లా ఉంటుందనేది. వచ్చిన కొత్తలో ఆ బండి ముందు నిలబడి పెళ్ళికొడుకులు కూడా తల దువ్వుకున్నారు.

దాన్ని పాడుచేసింది మా డ్రైవరు శుభ్రత. కాప్రా నుంచి వచ్చేవాడు. పొద్దున్నే స్నానం చెయ్యనిదే టీ కూడా తాగని మనిషి. రోజూ మిట్ట మధ్యాహ్నం బండిని ఎండలో పెట్టి, చర్చి బోరు పైపుతో తల నుంచి కాళ్ళదాకా కడిగేవాడు. ఎండలో అయితే దానంతటదే ఆరిపోతుందని, తుడిచే పని తప్పుతుందని అతని లెక్క. మా బోరు నీళ్ళ సంగతి సీతాఫల్‌మండిలో ఎవరినడిగినా చెబుతారు. సబ్బు పెడితే నురగ రాదు, పప్పు పెడితే ఉడకదు, గీజరు రెండేళ్ళు బతికితే గొప్ప. రెండు నెలల్లో బండి నిండా సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు లేచాయి. కమిటీవాళ్ళు డ్రైవరును ఇంక కడగనే వద్దన్నారు. కడగకపోయేసరికి దుమ్ము పట్టింది. దుమ్ము కనపడేసరికి నా వేలు ఊరుకోలేదు. జరిగిందంతా ఇదే, ఇందులో నా తప్పు ఒక చూపుడువేలంత.

కమిటీ అయిన రోజు సాయంత్రం అత్త నన్ను తన గదిలోకి పిలిచింది. పెళ్ళి చేసుకోలేదు, మొదటినుంచీ మా ఇంట్లోనే ఉండేది. నేనింకా నన్ను పట్టించినందుకు అలిగే ఉన్నాను. ఆమె బీరువా తెరిచి చూపించింది. ఇస్త్రీ చేసి కాగితంలో చుట్టిన తెల్లచీర. పాడాల్సిన పాటల నంబర్లు రాసిన కాగితం. ప్రసంగంలో తనను పొగడొద్దని, పావుగంట దాటొద్దని మా పాస్టరు అయ్యగారికి ఉత్తరం. గుండె సంగతి డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు కాబట్టి, ప్రయాణానికి సామాన్లు సర్దుకున్నట్టు అన్నీ సర్దుకుని కూర్చుంది. ఇంక బండి ఒక్కటే బాకీ అంది.

నేను నవ్వి, నువ్వు లోపల పడుకుని ఉంటావు కదా, బయట మచ్చలుంటే నీకేం కనపడుతుంది అన్నాను. ఆమె నవ్వలేదు.

"థియేటర్ల ట్రే మీద మచ్చ ఉన్నదంటే ఏందో తెల్సా కొడుకా? దాన్ని ఎవరు పట్టించుకోలే అన్నట్టు. నాకు మొగడు లేడు, పిల్లలు లేరు. రేపు మచ్చల బండిల నన్ను తీస్కపోతే, పాపం సిస్టరమ్మను సుత ఎవరు పట్టించుకోలే అంటరు నలుగురు. గా మాట నాకొద్దు."

అట్లా ఎవరంటారు, మేం లేమా అని గదమాయించబోయాను. కానీ ఆ బీరువా వైపు చూసి, శనివారం ఎన్నింటికి రమ్మంటావని అడిగాను. ఆరింటికి అంది. ఆరింటికా అని నేను మళ్ళీ అలిగాను.

మొదటి శనివారం ఆమె చర్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు కర్రలాగా పట్టుకుని కూర్చుంది. నేను సబ్బుపొడి వేసి కడిగాను. దుమ్ము పోయి మచ్చలు ఇంకా తేటగా కనపడ్డాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు తీసి నాలుగు రుద్దులు రుద్దానో లేదో, గొడుగు కొస వచ్చి నా మోచేతి మీద పడింది. స్టీలుకు కూడా చీరకున్నట్టు పోగుంటుందట, అడ్డదిడ్డంగా రుద్దితే గీతలు పడి జన్మలో పోవట. ఆ పీచు ముక్కలు మిగిలితే అవి తుప్పు పట్టి మచ్చ మీద మచ్చ అవుతుందట. అప్పుడు డ్రైవరు, బాత్రూం యాసిడ్ పోస్తే ఒక్క దెబ్బకు తెల్లగైతది సిస్టరమ్మా అన్నాడు. అత్త అతన్ని చూసిన చూపు థియేటర్లో ఎంతమంది హౌస్‌సర్జన్లకు తగిలి ఉంటుందో. ఎవరో తెలివైనవాడు కత్తెరల్ని అట్లాంటి ఘాటు మందులో నానబెట్టి మరిచిపోతే తెల్లారేసరికి వాటి నిండా గుంటలు పడ్డాయని, అవి చెత్తలోకి పోయాయని, ఆ తెలివైనవాడు తర్వాత పెద్ద డాక్టరయ్యాడని చెప్పింది. ఆ సున్నపు మచ్చకు పులుపు కావాలి కానీ పగ కాదంది. వచ్చే శనివారం తనకు చెకప్ ఉంది, వెనిగర్ తెచ్చి పని షురూ చెయ్యమంది.

ఆ వెనిగర్ దగ్గరే నా బుద్ధి గడ్డి తింది. ఆ శనివారం రానే వచ్చింది, కిరాణా కొట్టుదాకా వెళ్ళడానికి బద్ధకం. చర్చి వెనక గదిలో అలమార ఉంది. అందులో ద్రాక్షరసం సీసాలుంటాయి. మా దగ్గర ప్రభు భోజన సంస్కారానికి వైను వాడరు, ఆ రసమే ఇస్తారు. ద్రాక్షపళ్ళ కాలంలో స్త్రీల సమాజంవాళ్ళే పళ్ళు ఉడికించి, రసం పిండి, సీసాల్లో పోసి బిరడాలు బిగిస్తారు. ఒక్కో ఏడు నాలుగైదు సీసాలు పులిసిపోతాయి. పులిసినవాటిని వాడరు, పారబొయ్యడానికి ఎవరికీ మనసొప్పదు, అట్లా అలమార అడుగున పడి ఉంటాయి. నేను ఒకటి తెరిచి నాలిక్కి రాసుకున్నాను. నా చెవులు రెండూ కదిలాయి. ఇంతకన్నా వెనిగర్ ఏముంటుంది?

నిజం చెప్పాలంటే పని చేసింది. గుడ్డ తడిపి పెడితే మచ్చలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. రెండు సీసాలతో ఒక పక్కంతా తుడిచేసి, గొప్పగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఎండెక్కింది. ఎండెక్కేకొద్దీ బండి మీద వంకాయరంగు చారలు తేలాయి. రసం పులిసినా అందులోని తీపి ఎక్కడికీ పోదని నాకు తట్టలేదు. ముందు చీమలొచ్చాయి, వరసగా, చర్చి మెట్ల నుంచి చక్రం మీదుగా. ఆ తర్వాత తేనెటీగలు. నీళ్ళు కొడదామని వెళ్తే అవి ఒప్పుకోలేదు. నేను చర్చి వెనక గది తలుపుకు గడియపెట్టి ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఆదివారం. ఆరాధనకు వచ్చిన జనానికి గేటు దగ్గరే కల్లు కాంపౌండ్ ముందు నిలబడ్డ వాసన. ఈగలు, చీమలు, తేనెటీగలతో బండి సందడిగా ఉంది. పెద్దలు క్షణంలో తేల్చేశారు, డ్రైవరు తాగుతున్నాడని, అదీ బండిలోనే కూర్చుని తాగుతున్నాడని. పాపం అతను ఆ వాసనకే ముక్కు మూసుకునే మనిషి. కళ్ళనీళ్ళు పెట్టుకుని, పిల్లల మీద ఒట్టు అంటూ ఒక్కొక్కరి ముందుకూ వెళ్తున్నాడు. అతన్ని అట్లా చూసేసరికి నాకు నిజంగా సిగ్గేసింది. అందరి ముందూ ఒప్పుకున్నాను. అయ్యగారు నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఆ సీసాల మీద ప్రార్థన అయ్యిందా కాలేదా అని అడిగారు. కాలేదు అయ్యగారూ, నేను తీసేదాకా ఎవరూ బిరడా కూడా తియ్యలేదు అన్నాను. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, అయితే అది ఉత్త చెడిపోయిన రసమే అని తీర్పిచ్చి, ఇకమీదట ఆ గదిలోంచి అగ్గిపుల్ల కూడా తీసుకోవద్దన్నారు.

అత్త ఆ రోజు నవ్విన నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ప్రభువు నీళ్ళను ద్రాక్షరసం చేస్తే, నువ్వు ద్రాక్షరసంతోని నీళ్ళ మచ్చలు కడిగినవా అని ఆయాసం వచ్చేదాకా నవ్వి, నాలిక కింద మాత్ర పెట్టుకుని, మాత్ర కరిగేలోపు మళ్ళీ నవ్వింది. డ్రైవరుకు క్షమాపణ చెప్పి రమ్మని మాత్రం నన్ను అప్పటికప్పుడు కాప్రా దాకా పంపింది. అతని భార్య పురుడు కష్టమైనప్పుడు దగ్గరుండి చూసింది అత్తే. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. కాబట్టి నాకు క్షమాపణతో పాటు భోజనం కూడా దొరికింది.

మూడో శనివారం ఆమే నేర్పింది, థియేటర్లో కొత్త పిల్లలకు నేర్పినట్టు. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు నిమ్మఉప్పు. మెత్తబడ్డ పాత నూలుచీర ముక్క. బండి నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. తడిగుడ్డను మచ్చ మీద కాసేపు అద్ది పట్టుకోవాలి, పులుపును తన పని తనను చేసుకోనివ్వాలి, ఆ తర్వాత పోగు ఎటుంటే అటే తుడవాలి. ఒకేసారి బండంతా కాదు, చాపంత మేర పూర్తి చేసి పక్కకు జరగాలి. అంతా బాగానే ఉంది, చివర కడగడానికి నీళ్ళేవి? బోరు నీళ్ళు కొడితే మచ్చలు మళ్ళీ హాజరు. నల్లా నీళ్ళు మాకు రోజు విడిచి రోజు, అదీ ఓ గంట. ఒక్క డ్రమ్ము ఇవ్వమని మా ఆవిడను అడిగితే, బతికున్నోళ్ళకే సరిపోతలేవు అంది.

"ఏసీ నీళ్ళు పట్టుకరా" అంది అత్త. "అవి గాలిల తడి. వాట్ల ఉప్పుండది, సున్నముండది. థియేటర్ల మేం వాడిన నీళ్ళసొంటివే."

చర్చికి ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ ఉంది. దాని గోడకు పది ఏసీలు, పది గొట్టాలు, ఫుట్‌పాత్ మీద పొద్దస్తమానం బొట్టుబొట్టుగా కారుతూ ఉంటాయి. పిల్లలు లోపల చెమటలు కక్కుతూ చదువుతుంటే బయట నేను పెయింటు డబ్బాలు పెట్టి నీళ్ళు పట్టడం మొదలుపెట్టాను. వాచ్‌మన్ రెండు రోజులు గమనించి, ఏందీ కథ అని అడిగాడు. చర్చి బండి కడగడానికని చెబితే వద్దంటాడేమోనని, మా అత్తకు మందులోకి అని చెప్పాను. ఏం మందు అన్నాడు. కీళ్ళకు అన్నాను. అంతే, మరుసటి వారం నా డబ్బాల్లో రెండు తగ్గాయి. పొద్దున్నా సాయంత్రం మోకాళ్ళకు పట్టిస్తున్నాడట. తగ్గిందని కూడా చెప్పాడు, మెట్లు ఎక్కి దిగి చూపించాడు. నాకు నిజం చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

అత్త చివరి పాఠం తుడవడం గురించి. నేను కడిగేసి, హమ్మయ్య అని నడుము పట్టుకుంటే గొడుగు కదిలేది. "నీళ్ళు మచ్చ చెయ్యయి కొడుకా. నీళ్ళు ఎండితే మచ్చ. తడి ఉన్నప్పుడే తుడువాలె." ఈ మాట ఆమె ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఏడెనిమిది శనివారాలకు బండి మళ్ళీ మొదటిరోజులాగా తయారైంది. డ్రైవరుకు మాత్రం బోరు పైపు దగ్గరికి వెళ్ళొద్దని గట్టి ఆర్డరు. అతను దానికి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. బండిని నీళ్ళతో కడిగితేనే దానికి మర్యాద చేసినట్టని అతని నమ్మకం.

వానాకాలం వెళ్ళేసరికి అత్త రెండుసార్లు ఆసుపత్రిలో చేరి వచ్చింది. చర్చికి నడిచే ఓపిక పోయింది. ఒకరోజు, బండి ఎట్లుందో జెర చూడాలని ఉంది అంది. అదెంత పని అని డ్రైవరుకు ఫోన్ చేశాను. ఆ బండి మా గల్లీలోకి వస్తే ఏమవుతుందో ఆలోచించే తెలివి మా ఇద్దరికీ లేకపోయింది. అది వచ్చి మా గేటు ముందు ఆగిన ఐదు నిమిషాల్లో ఎదురింటి ఆమె కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మా ఆవిడను పట్టుకుని ఏడ్చింది. చెప్పు చెప్పు అని మా ఆవిడ అడుగుతుంటే ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. పక్కింటి పెద్దాయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని గోడవారన నిలబడ్డాడు. ఎవరో అప్పుడే ఊళ్ళో బంధువులకు ఫోన్లు కలుపుతున్నారు. అంతలో అత్త కళ్ళద్దాలు పెట్టుకుని, టీ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంక పోలే. పరేషాన్ గాకుండ్రి. పోయేటప్పుడు చెప్పే పోత" అంది.

బండి చుట్టూ మెల్లగా తిరిగింది. తలుపు అంచులు, పిడి కింద, చక్రాల పైన, ఎక్కడెక్కడ నేను ఎగ్గొట్టి ఉంటానో అక్కడక్కడే వేలు పెట్టి చూసింది. ఒక్క మచ్చ లేదు. తన మొహం తనకు కనపడింది. జుట్టు ముడి సరిచేసుకుంది. బాగుందని అనలేదు, థియేటర్లో కూడా ఎవరితోనూ అనలేదట. నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఆ చెయ్యి చాలు.

ఆ తర్వాత, ఎట్లాగూ వచ్చింది కదా, ఒక చక్కర్ కొడదాం అంది. వెనకాల పడుకుంటే ఏం కనపడదు, ముందు కూర్చుంటేనే అన్నీ కనపడతాయని డ్రైవరు పక్క సీటెక్కింది. నేను వెనక, పెట్టె పెట్టే చోట, పక్క బల్ల మీద కూర్చున్నాను. సైనిక్‌పురి దాకా వెళ్ళి వచ్చాం. దారి పొడుగునా ఆటోలు పక్కకు తప్పుకున్నాయి. సిగ్నళ్ళ దగ్గర బైకుల మీదివాళ్ళు దండం పెట్టుకున్నారు. అత్త అందరికీ కిటికీలోంచి చెయ్యి ఊపింది. తిరిగి చెయ్యి ఊపిన శవాన్ని చూసినట్టు ఒకతని మొహం ఎట్లా అయిందో నాకు వెనక అద్దంలోంచి కనిపించింది. ఇంటికొచ్చాక ఆమె, బండి సాఫ్‌గా పోతుంది, కుదుపు లేదు అని రిపోర్టు ఇచ్చింది.

నవంబరు చివర్లో, మధ్యాహ్నం టీ తాగి, కప్పు పక్కన పెట్టి, కుర్చీలోనే పోయింది. చెప్పి పోతానన్న మాట ఒక్కటే తప్పింది. సాయంత్రానికి గాజుమూత ఉన్న ఫ్రీజర్ పెట్టె తెచ్చి ముందు గదిలో పెట్టాం. భూస్థాపన మర్నాడు మూడింటికి. తెల్లచీర, పాటల కాగితం, ఉత్తరం, అన్నీ బీరువాలో ఆమె పెట్టినట్టే ఉన్నాయి. నేను చెయ్యడానికి ఆమె ఏమీ మిగల్చలేదు. బండి ఒక్కటే, అది కూడా సిద్ధంగానే ఉందనుకున్నాను.

మర్నాడు పన్నెండింటికి బండి గల్లీ మలుపు తిరిగింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్ల మచ్చలు. బొట్టు పక్కన బొట్టు, రేకు మెరుపు కనపడకుండా. డ్రైవరు తడిసిన చొక్కాతో దిగి నా ముందుకొచ్చాడు.

"పొద్దుగాల్నుంచి మూడుసార్లు కడిగిన అన్నా. ఎండల మంచిగ ఆరవెట్టిన. సిస్టరమ్మ బండి గదా" అన్నాడు.

నోటిదాకా వచ్చిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు నాకంటే ఎర్రగా ఉన్నాయి. అతనికి తెలిసిన మర్యాద అది. దాన్ని నేనెట్లా తప్పంటాను? కానీ చెవిలో అత్త మాట మోగుతూనే ఉంది. మచ్చల బండిలో తీసుకెళ్తే ఎవరూ పట్టించుకోలేదంటారు. అప్పటికే చర్చివాళ్ళు, ఆసుపత్రివాళ్ళు టెంటు కింద కుర్చీల్లో నిండుతున్నారు. నేను కుర్చీలు జరిపించి, బండిని టెంటు నీడలోకి తెప్పించాను. వంటింట్లో నిమ్మఉప్పు ఉంది. ఆమె పాత చీరలున్నాయి. నీళ్ళు లేవు. చలికాలం, కోచింగ్ సెంటర్ ఏసీలు బందయి మూడు వారాలు. నా డబ్బాలన్నీ ఎండి ఉన్నాయి. నల్లా వచ్చే రోజు కాదు, డ్రమ్ములో ఉన్నది వచ్చినవాళ్ళు తాగడానికే చాలదు. మచ్చలు కరిగించడానికి ఒక చెంబు చాలు, ఆ తర్వాత దేంతో కడగను? పిచ్చివాడిలాగా గిన్నెలన్నీ మూతలు తీసి చూస్తున్నాను.

అప్పుడు మా ఆవిడ ముందు గదిలోంచి ఒక టబ్బు పట్టుకుని వచ్చింది. ఫ్రీజర్ పెట్టె కింద చిన్న గొట్టం ఉంటుంది. పెట్టె పనిచేస్తున్నంతసేపూ అందులోంచి నీళ్ళు కారతాయి, కింద టబ్బు పెట్టమని పెట్టె తెచ్చినవాళ్ళు చెప్పి వెళ్ళారు. నిన్న సాయంత్రం నుంచి గది నిండా మనుషులు, పాటలు, ప్రార్థనలు. టబ్బు నిండింది. దీన్ని ఎక్కడ పొయ్యమంటావు అని ఆమె అడిగింది.

నేను ఆ నీళ్ళను చూశాను. తేటగా, అడుగు కనపడేట్టు ఉన్నాయి. గాలిలో తడి. ఉప్పుండదు, సున్నముండదు. నేను ఏం ఆలోచిస్తున్నానో మా ఆవిడకు అర్థమైంది. ఛీ అంటుందనుకున్నాను. ఆమె టబ్బు నా చేతికిచ్చి, గొట్టం కింద ఖాళీ గిన్నె పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

డ్రైవరూ నేనూ గంటన్నర పనిచేశాం. అద్దాం, ఆగాం, పోగు వెంట తుడిచాం, ఆ నీళ్ళలో పిండిన గుడ్డతో కడిగాం, తడి ఆరకముందే పొడిగుడ్డ పెట్టాం. టెంటు కింద కూర్చున్నవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టరు మాత్రం, గట్లనే, పోగు మీదనే అని కూర్చున్నచోటి నుంచే చెప్పింది. అయ్యగారు వచ్చారు. బండిని చూసి, గుడ్డను చూసి, టబ్బు మీదికి కొంచెం వంగి వాసన చూశారు. ఆయన్ని తప్పుపట్టలేను, నా చరిత్ర అట్లాంటిది.

"ఈ నీళ్ళెక్కడివి బాబూ?" అని అడిగారు.

"అత్తే ఇచ్చింది అయ్యగారూ" అన్నాను.

ఆయన తెరిచి ఉన్న తలుపులోంచి ముందు గదిలోకి చూశారు, పెట్టె కింది గొట్టాన్ని చూశారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. జేబురుమాలు తీసి, నేను వదిలేసిన పిడి దగ్గర తడిని ఆయనే తుడిచారు.

మూడింటికి బండి మెరిసింది. వచ్చినవాళ్ళందరి మొహాలూ అందులో కనపడ్డాయి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవడం ఇష్టంలేని మనిషి, తన బండి కడగడానికి నీళ్ళు కూడా తనే రాత్రంతా బొట్టుబొట్టుగా కూడబెట్టి ఇచ్చిందనిపించింది. నేను కొంచెం నవ్వాను కూడా. ఆమె ఉన్న చెక్క పెట్టెను బండిలోకి జరిపి తలుపు వేశాక ఆ నవ్వు ఆగలేదు, ఏడుపైంది. ఆ తలుపుకు నుదురు ఆనించి, ఎవరో భుజం పట్టి లాగేదాకా ఏడ్చాను.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక డ్రైవరు బండి చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను పిలిచి వెనక తలుపు చూపించాడు. సరిగ్గా నా మొహం ఎత్తున, తెల్లగా, నాలుగైదు చిన్న మచ్చలు. మా బోరు నీళ్ళకంటే ఉప్పని నీళ్ళవి, తుడవకముందే ఎండిపోయాయి. అతను గుడ్డ తియ్యబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ" అన్నాను. "శనివారం వస్తా. తొందరేం లేదు."